చెవిలో గులిమి తీయించుకున్నాను: నా అనుభవం

చెవిలో గులిమి తీయించుకోవడానికి డాక్టరు దగ్గరకు వెళ్ళడం మా ఇళ్ళలో ఎవరికీ అలవాటు లేని పని. పంటినొప్పికి వెళ్తారు, చూపు మసకబారితే వెళ్తారు, చెవి విషయంలో మాత్రం చీము కారితేనో, పిలిస్తే పలకనంతగా వినికిడి తగ్గితేనో తప్ప గడప దాటరు. తక్కిన అవసరాలన్నిటికీ ఇంట్లోనే ఏదో ఒక పుల్ల దొరుకుతుంది. ఈ మధ్య నా కుడిచెవి మూసుకుపోయి ఈఎన్‌టీ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ ఏం చేశారో, ఎందుకు చేశారో, ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పారో వరసగా రాస్తున్నాను. ఇదే ఇబ్బంది పడుతూ వెళ్ళాలా వద్దా అని తటపటాయించే వారికి కొంతైనా ఉపయోగపడవచ్చు.

నేను రాజమహేంద్రవరంలో ఒక బ్యాంకులో నగదు కౌంటరు దగ్గర పనిచేస్తాను. ఒక ఆదివారం తలంటుకుని తల తుడుచుకుంటూ ఉండగా కుడిచెవిలో నీళ్ళు నిలిచినట్టు అనిపించింది. తల పక్కకు వంచి గెంతినా, చెవితమ్మె పట్టుకుని లాగినా నీళ్ళు రాలేదు. మధ్యాహ్నానికి ఆ చెవి పూర్తిగా దిమ్మెక్కిపోయి, నా మాట నాకే తల లోపలి నుంచి వినిపించసాగింది. భోజనాల దగ్గర నేను నమిలిన అప్పడం చప్పుడు పెద్దగానూ, ఎదురుగా కూర్చున్న వారి మాట చిన్నగానూ వినిపించాయి. మర్నాడు కౌంటరులో అద్దం అవతల నిలబడినవారు ఖాతా నంబరు చెబుతుంటే తల తిప్పి ఎడమచెవిని అద్దానికి దగ్గరగా పెట్టవలసి వచ్చింది. ముందు రోజు వరకు బాగానే వినిపించిన చెవి ఒక్క స్నానంతో ఎలా మూసుకుపోయిందన్నది అప్పుడు నాకు అంతుపట్టలేదు. తరువాత డాక్టరుగారు చెప్పినదాన్ని బట్టి గులిమి ఆ రోజు వచ్చినది కాదు. చెవి నాళాన్ని దాదాపు నింపేసిన గులిమి పక్కన సన్నని సందు మిగిలి ఉన్నంతకాలం శబ్దం లోపలికి వెళుతూనే ఉంటుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు. తలస్నానం నీళ్ళు తగిలి ఆ గులిమి నాని ఉబ్బగానే ఆ కాస్త సందూ మూసుకుపోతుంది.

ఇంట్లో తలా ఒక మాట చెప్పారు. "నాలుగు చుక్కలు గోరువెచ్చని నువ్వుల నూనె వేసుకుని పడుకోరా, పొద్దుటికి అదే వదులుతుంది" అని అమ్మ అన్నది. వెల్లుల్లి రేకలు వేసి కాచిన నూనె అయితే ఇంకా మంచిదని పక్కింటివారు చెప్పారు. హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తే నురుగుతో పాటు అంతా పైకి వస్తుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. మా బావమరిది అయితే కొనకు చిన్న కెమెరా బిగించి, ఫోనులో బొమ్మ చూసుకుంటూ గులిమి తవ్వుకునే పుల్లనొకదాన్ని ఆన్‌లైనులో తెప్పించుకున్నాడట, దాన్ని పంపిస్తానన్నాడు. ఈ సలహాలలో ఏదీ చెడు ఉద్దేశంతో ఇచ్చినది కాదు, కొన్నిటికి కొంత ఆధారం కూడా ఉన్నది. అయితే వీటన్నిటికీ ఒకే లోపం ఉన్నది. చెవి లోపల ఏమున్నదో, కర్ణభేరి చిల్లు లేకుండా ఉన్నదో లేదో ఎవరూ చూడకుండానే వైద్యం మొదలవుతుంది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చెవిపోటుతో బాధపడిన చెవి కావడంతో నేను నూనె కూడా వేయకుండా నేరుగా క్లినిక్కుకు వెళ్ళాను.

డాక్టరుగారు చెవి చూడడానికి ముందు చాలా ప్రశ్నలు అడిగారు. నొప్పి ఉన్నదా, చీము గాని రక్తం గాని కారిందా, కళ్ళు తిరుగుతున్నాయా, హోరు వినిపిస్తున్నదా, గతంలో చెవికి ఆపరేషను జరిగిందా, కర్ణభేరికి చిల్లు ఉన్నదని ఎవరైనా చెప్పారా, షుగరు ఉన్నదా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని వరసగా అడిగి రాసుకున్నారు. ఒక చెవి గులిమికి ఇన్ని ప్రశ్నలెందుకని అప్పుడు అనిపించింది గాని, ఒక్కొక్క జవాబును బట్టి చికిత్స పద్ధతే మారిపోతుందని తరువాత తెలిసింది. కర్ణభేరికి చిల్లు ఉంటే చెవిలో నీళ్ళు కొట్టకూడదు, మామూలు చుక్కల మందులు కొన్ని వేయకూడదు. షుగరు ఉన్న పెద్దవారిలో నాళం చర్మం గీసుకుని తడి చేరితే, సూడోమోనాస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే ఇన్‌ఫెక్షను ఒక్కొక్కసారి పుర్రె ఎముక దాకా పాకుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న గీత పడినా రక్తం త్వరగా ఆగదు. చివరగా, ఇయర్ బడ్స్, అంటే దూది చుట్టిన పుల్లలు, వాడతారా అని అడిగారు. అందరిలాగే స్నానం తరువాత అప్పుడప్పుడు వాడతానని చెబితే, ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నారు.

తరువాత శృతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) తీశారు. ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం ప్రయోగశాల తరువాత నేను దాన్ని మళ్ళీ చూడడం అదే. సెకనుకు 512 సార్లు కంపించే ఆ ఉక్కు దండాన్ని మోచేతికి తట్టి, దాని కాడను నా నుదుటి నడుమ ఆనించి, ఏ చెవిలో ఎక్కువ వినిపిస్తున్నదని అడిగారు. ఆశ్చర్యంగా, మూసుకుపోయిన కుడిచెవిలోనే పెద్దగా వినిపించింది. నేను జవాబు తప్పు చెబుతున్నానేమోనని సందేహిస్తుంటే ఆయన నవ్వి, నాకు కావలసిన జవాబు అదేనండీ అన్నారు. శబ్దం బయటి నుంచి లోపలికి వెళ్ళే దారిలో అడ్డు ఉంటే, ఎముక ద్వారా వెళ్ళే శబ్దం అడ్డు ఉన్న చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. అలా కాక లోపలి చెవో, దాని నరమో దెబ్బతింటే బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తుంది. వెబర్ పరీక్ష అనే ఈ చిన్న పని గురించి ఆయన నొక్కి చెప్పిన మాట ఒకటి ఇక్కడ తప్పక రాయాలి. చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు అనిపించిన ప్రతిసారీ కారణం గులిమే కానక్కరలేదు. లోపలి చెవి దెబ్బతిని వినికిడి ఒక్కసారిగా పడిపోయినా రోగికి మొదట సరిగ్గా ఇదే భావన కలుగుతుంది. అది అత్యవసర పరిస్థితి, దానికి ఇచ్చే స్టెరాయిడు మందులు మొదటి రెండు వారాలలోపు, వీలైతే మొదటి కొద్ది రోజులలోనే, మొదలుపెడితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. గులిమే కదా అనుకుని ఇంట్లో నెలరోజులు నూనె పోసుకుంటూ కూర్చున్నవారు ఆ వ్యవధిని చేజేతులా పోగొట్టుకుంటారు.

ఆ తరువాత నా చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ లాగి లోపలి బొమ్మను తెరమీద చూపించే సన్నని ఎండోస్కోపును లోపలికి పెట్టారు. పెద్దవారిలో చెవి నాళం సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, అది తిన్నని గొట్టం కాదు, మధ్యలో వంకర తిరిగి ఉంటుంది. చెవిని అలా లాగితే ఆ వంకర కొంత సరిపడి లోపల చూడడానికి వీలవుతుంది. ముందుగా బాగున్న ఎడమచెవిని తెరమీద చూపించారు. నాళం చివర ముత్యపు బూడిద రంగులో మెరుస్తున్న పలుచని పొర, దాని కింది భాగాన దీపపు వెలుగు ముక్కోణంలా పడి కనిపించింది. నా కర్ణభేరిని నేను చూడడం అదే మొదలు. మిల్లీమీటరులో పదోవంతు మందం మాత్రమే ఉండే ఆ పొర వెనక, శరీరంలోని అన్నిటికన్నా చిన్న ఎముకలు మూడు ఉన్నాయని తలచుకుంటే, స్నానం చేసి వచ్చి పరాకుగా లోపలికి తోసే పుల్ల మీద కాస్త భయం పుట్టింది. తరువాత కుడిచెవి చూపించారు. అక్కడ కర్ణభేరి జాడే లేదు. నాళాన్ని అడ్డంగా పూడ్చేసిన ముదురు గోధుమరంగు ముద్ద ఒకటి ఉన్నది, దాని ముఖం ఎవరో వేలితో అదిమినట్టు నునుపుగా, కొంచెం గుంటగా ఉన్నది. ఆ గుంటలో రెండు మూడు తెల్లని దూది పోగులు అంటుకుని ఉన్నాయి. ఆయన ఏమీ అనకుండా తెరమీద ఆ పోగులను వేలితో చూపించారు.

గులిమి నాళం అంతటా తయారుకాదట. నాళంలో బయటి మూడోవంతు మృదులాస్థితోనూ, లోపలి రెండు వంతులు ఎముకతోనూ ఏర్పడి ఉంటాయి. వెంట్రుకలూ, గులిమిని తయారుచేసే గ్రంథులూ బయటి మూడోవంతులోనే ఉంటాయి. అంటే కర్ణభేరి దగ్గర గులిమి ఉన్నదంటే అది అక్కడ పుట్టినది కాదు, ఏదో ఒక వస్తువు దాన్ని అక్కడికి తోసింది. నాళం వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో దూది చుట్టిన పుల్ల తల అందులో దాదాపు నిండుగా పడుతుంది. పుల్లను తీసినప్పుడు దూదికి అంటిన పసుపు రంగును చూసి శుభ్రమైందని మనం సంతోషిస్తాము గాని, దూదికి అంటినది కొంతే, తక్కినది లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. ఎముక ఉన్న భాగంలో చర్మం చాలా పలుచగా, కింద కొవ్వు పొర లేకుండా నేరుగా ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ పుల్ల తగిలితే వెంటనే నొప్పి పుడుతుంది, సులువుగా రక్తం కారుతుంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది చెవి తనను తాను శుభ్రం చేసుకునే తీరు. ఒంటి మీద చర్మం ఎక్కడికక్కడ పొరలుగా రాలిపోతుంది. చెవి నాళంలో అలా కాదు, కర్ణభేరి నడుమ నుంచి బయలుదేరిన చర్మపు పొర అంచులకూ, అక్కడి నుంచి నాళం గోడల వెంట బయటికీ, ఇంచుమించు గోరు పెరిగే వేగంతో కదులుతూ ఉంటుంది. ఆ కదిలే చర్మం మీద ఉన్న గులిమి, దుమ్ము, రాలిన కణాలు దానితోపాటు వాకిలి దాకా వస్తాయి, నమిలినప్పుడూ మాట్లాడినప్పుడూ దవడ కదలిక వాటిని వదులు చేస్తుంది. స్నానం చేసి తువ్వాలు కొనతో చెవి తుడుచుకుంటే ఆ బయటికి వచ్చినది పోతుంది. గులిమి మురికి కాదని, నీరు ఇంకకుండా కాపాడే జిడ్డు అని, కొంచెం ఆమ్లగుణం కలిగి ఉండి బాక్టీరియాను, బూజును పెరగనివ్వదని ఆయన చెప్పారు. మన వైపు వారికి ఎక్కువగా తడిగా, జిగటగా ఉండే గులిమి వస్తుంది, చైనా, జపాన్, కొరియా ప్రాంతాలవారిలో చాలామందికి పొడిగా, పొట్టులా రాలేది వస్తుంది. ఈ తేడాకు ఏబీసీసీ11 అనే ఒకే ఒక జన్యువు కారణమని 2006లో జపాన్ పరిశోధకులు తేల్చారు.

మరి అంత చక్కని ఏర్పాటు ఉంటే అడ్డుపడడం ఎందుకని అడిగాను. బడ్స్‌తో పాటు వేరే కారణాలూ ఉంటాయన్నారు. కొందరికి నాళం పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. వయసు పైబడినకొద్దీ గులిమి ఎండి గట్టిపడుతుంది. మగవారిలో నాళం వాకిట్లో వెంట్రుకలు ముతకగా పెరిగి దారికి అడ్డం పడతాయి. వినికిడి మిషను పెట్టుకునేవారికి, గంటల తరబడి చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్లు వాడేవారికి బయటికి వచ్చే దారే మూసుకుపోతుంది. నా విషయంలో నాళం ముందుగోడ కాస్త ఉబ్బెత్తుగా ఉండడం, బడ్స్, రెండూ కలిశాయని ఆయన అంచనా.

ఆ రోజు గులిమి తీయలేదు. అది కర్ణభేరి దాకా గట్టిగా పట్టేసి ఉన్నది కాబట్టి ముందు మెత్తబరచాలన్నారు. టర్పెంటైను వాసన వచ్చే చుక్కల మందు రాసిచ్చి, వేసుకునే విధానం నర్సుగారి చేత చూపించారు. సీసాను కాసేపు అరచేతులలో పట్టుకుని ఒంటి వేడికి తేవాలి. చల్లని మందు చెవిలో పడితే కళ్ళు తిరుగుతాయి. బాగున్న చెవి కిందికి వచ్చేలా పక్కకు తిరిగి పడుకుని, చెవిని పైకీ వెనక్కీ లాగి, చుక్కలు నాళం గోడ మీదుగా జారేలా వేయాలి. చెవి రంధ్రానికి ముందు చిన్న మూతలా పొడుచుకు వచ్చిన భాగాన్ని వేలితో నాలుగైదుసార్లు నొక్కితే లోపల ఉన్న గాలి బయటికి వచ్చి మందు కిందికి దిగుతుంది. అయిదు నిమిషాలు అలాగే పడుకుని, లేచాక బయటికి కారినది మాత్రం తుడుచుకోవాలి. దూది ఉండ దోపుకుంటే మందును ఆ దూదే పీల్చేస్తుంది కాబట్టి అది వద్దన్నారు. ఇలాంటి మందును సాధారణంగా మూడు నుంచి అయిదు రోజులు వాడమంటారు. మంటగాని నొప్పిగాని పుడితే వెంటనే ఆపి రమ్మన్నారు.

మందు మొదలుపెట్టాక వినికిడి ఇంకా తగ్గింది. ఈ సంగతి ముందే చెప్పి ఉండకపోతే నేను తప్పకుండా మందు ఆపేసి ఉండేవాడిని. గులిమి నానితే ముందు ఉబ్బుతుంది, ఆ తరువాతే మెత్తబడుతుంది. ఆ రోజులలో చెవి బరువుగా, లోపల ఏదో కదులుతున్నట్టుగా ఉండి, బడ్ పెట్టి ఒక్కసారి తిప్పితే చాలునన్న కోరిక బలంగా పుడుతుంది. సరిగ్గా మెత్తబడి ఉన్నప్పుడే పుల్ల పెడితే ఆ ముద్ద అంతా ఇంకా లోపలికి పోతుందన్న మాట గుర్తుంచుకుని ఊరుకున్నాను. బడ్స్ డబ్బాను ఆ వారం మా ఆవిడ అలమరా పై అరలోకి చేర్చింది.

గులిమి తీసిన రోజున కుర్చీలో పడుకోబెట్టి, తల పక్కకు తిప్పించి, పైన మైక్రోస్కోపు సరిచేశారు. నీళ్ళు కొట్టి తీస్తారనుకున్నానని చెబితే, కర్ణభేరి కనిపించని చెవిలో, చిన్నప్పటి చెవిపోట్ల చరిత్ర ఉండగా, నీళ్ళకన్నా సన్నని గొట్టంతో గాలి లాగి తీసే సక్షనే మేలన్నారు. మా బావమరిది కెమెరా పుల్ల సంగతి అప్పుడే అడిగాను. కెమెరా అనేది ఒంటికన్ను, దానిలో వస్తువు కనిపిస్తుంది గాని లోతు తెలియదు, మైక్రోస్కోపులో రెండు కళ్ళతో చూస్తాము కాబట్టి పరికరం కొనకూ చర్మానికీ మధ్య ఎంత ఎడమున్నదో తెలుస్తుంది అన్నారు. పైగా సొంత చెవిలో పుల్ల పెట్టుకుని ఫోను చూసుకునేవాడికి వెనక నుంచి పిల్లవాడు వచ్చి మోచేయి తగిలిస్తే పుల్ల ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. అమెరికాలో 1990 నుంచి 2010 వరకు దూది పుల్లల వల్ల చెవికి గాయమై ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పిల్లలు సుమారు 2,63,000 మంది అని 2017లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. వాటిలో ఎక్కువ భాగం చెవి శుభ్రం చేసే సమయంలో జరిగినవే.

సక్షను గొట్టం కొన చాలా సన్నగా ఉంటుంది, కాని చెవి లోపల దాని చప్పుడు మాత్రం తక్కువ కాదు. పెద్ద హోరు వస్తుంది, తల కదిలించవద్దు, నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తండి అని ముందే చెప్పడం మేలైంది. గొట్టం నాళం గోడకు తగిలినప్పుడు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. నేను సిగ్గుపడుతుంటే, చెవి నాళం చర్మానికి వెళ్ళే నరాలలో ఒకటి గొంతుకూ, ఊపిరితిత్తులకూ వెళ్ళే వేగస్ నరపు కొమ్మేనని, అందువల్ల కొందరికి చెవిలో తాకితే దగ్గు వస్తుందని చెప్పి, దగ్గు తగ్గేదాకా ఆగారు. ఇంకాస్త లోపలికి వెళ్ళాక గది మెల్లగా పక్కకు తిరుగుతున్నట్టు అయింది. గాలి లాగినప్పుడు నాళం చల్లబడి, ఆ చలువ లోపలి చెవిలోని ద్రవాన్ని కదిలించడమే దానికి కారణమట. కళ్ళు తెరిచి ఒకచోట చూపు నిలపమన్నారు, కొద్ది క్షణాలలో సర్దుకుంది.

ఈ కళ్ళు తిరగడం వెనక ఒక చరిత్ర ఉన్నది. రాబర్ట్ బారనీ అనే వైద్యుడు వియన్నాలో రోగుల చెవులలో నీళ్ళు కొట్టి కడుగుతున్నప్పుడు, కొందరు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పడం, వారి కనుగుడ్లు ఒక వైపుకు కొట్టుకోవడం గమనించాడు. నీళ్ళు చల్లగా ఉంటే ఒకవైపుకు, మరీ వేడిగా ఉంటే దానికి ఎదురువైపుకు కొట్టుకునేవి. ఒంటి వేడికి సమానంగా, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీళ్ళతో ఆ ఇబ్బంది ఉండదు. లోపలి చెవి మన శరీరపు నిలకడను ఎలా కాపాడుతుందో ఈ పరిశీలన ఆధారంగా పరిశోధించినందుకు ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఆ వార్త వచ్చేనాటికి ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో రష్యాకు చిక్కి యుద్ధఖైదీగా ఉన్నాడు. బిందెలో నీళ్ళు సిరంజితో చెవిలోకి కొట్టుకునే ఇంటి ప్రయోగాలలో తల తిరిగి పడిపోయేవారికి జరిగేది కూడా ఇదే.

చివరకు ముద్దలో సగానికి పైగా ఒకే ముక్కగా వచ్చింది. స్టీలు ట్రేలో గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. దాదాపు ఒక సెంటీమీటరు పొడవు, బయటి కొన నల్లగా, కర్ణభేరి వైపు కొన లేతగా ఉన్నది. నాళం వంకర యథాతథంగా దాని మీద అచ్చుపడి ఉన్నది. దూది పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని దానిలో కలిసిపోయి ఉన్నాయి. తక్కినదాన్ని తీశాక కర్ణభేరి చిల్లు లేకుండా ఉన్నదని చూపించి, నుదుటి మీద శృతిదండం మళ్ళీ ఆనించారు. ఈసారి శబ్దం ఏ చెవికీ మొగ్గకుండా నడుమనే వినిపించింది. గదిలో ఏసీ మోత, పక్క గదిలో ఎవరో కాగితం చింపిన చప్పుడు, నా చొక్కా కాలరు మెడకు రాసుకునే శబ్దం అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మర్నాడు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే యంత్రం చప్పుడు భరించలేనంత పెద్దగా అనిపించి, ఒకటి రెండు రోజులకు మామూలైంది. గులిమి అంటుకున్న చోట చర్మం కాస్త కందినందున కొద్దిరోజులు వేరే చుక్కల మందు వాడమన్నారు, ఆ చెవిలో నీళ్ళు పడనివ్వవద్దన్నారు. స్నానానికి ముందు వేజలీను రాసిన దూది ఉండను చెవి వాకిట్లో, లోపలికి తోయకుండా, పెట్టుకుని తరువాత తీసేయాలి.

గులిమి పోయాక దురద మొదలైంది. ఇది చాలామందికి వస్తుందట, బడ్స్‌కు మళ్ళీ అలవాటుపడేది కూడా ఇక్కడే. బడ్‌తో గోకితే హాయిగా ఉంటుంది, ఆ రాపిడికి జిడ్డు పొర పోయి చర్మం ఎండుతుంది, ఎండిన చర్మం ఇంకా దురద పెడుతుంది. గోదావరి తీరంలో మా ఊళ్ళో వర్షాకాలమంతా గాలిలో తేమ ఉంటుంది కాబట్టి, గీసుకున్న చర్మం మీద తడి చేరితే ఫంగస్ పట్టడం ఎంతో సులువు. తన దగ్గరకు వచ్చే చెవి ఫంగస్ కేసులలో బడ్స్‌తోనో, పిన్నీసుతోనో, జడపిన్నుతోనో గోక్కునేవారు, చెవిలో నూనె పోసుకునేవారు తరచుగా ఉంటారని ఆయన చెప్పారు. బూడిదరంగు తడిపొర మీద నల్లని చుక్కలుగా కనిపించే ఆ ఫంగస్‌ను చూసి తీయడం, తరువాత ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ చుక్కలు వేయడం, చెవిని వారాల తరబడి పొడిగా ఉంచుకోవడం కొంచెం ఓపికతో కూడిన పని.

బడ్స్ పూర్తిగా పారేయమని మాత్రం ఆయన అనలేదు. చెవి బయటి ముడతలలో, చెవి వెనక, చెవికుట్టు చుట్టూ చేరే జిడ్డును తుడవడానికి అవి పనికివస్తాయి. దూది భాగం కళ్ళకు కనిపిస్తున్నంత వరకే దాని హద్దు, రంధ్రంలోకి దూరి దూది కనిపించకుండా పోతే హద్దు దాటినట్టే. మా ఇంట్లో ఉన్న డబ్బా తిప్పి చూస్తే చెవి నాళంలోకి చొప్పించవద్దని కింద చీమతలకాయంత అక్షరాలతో రాసి ఉన్నది, ఇన్నేళ్ళలో ఆ వైపు ఎవరం చూడలేదు. ఈ పుల్లలను 1923లో అమెరికాలో తయారుచేసిన లియో గెర్స్టెన్‌జాంగ్ కూడా వాటిని పసిపిల్లల సంరక్షణకు ఉపయోగపడే వస్తువుగానే అమ్మాడు. మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పుల్లలున్న ఇయర్ బడ్స్ నిషిద్ధం కావడంతో ఇప్పుడు కాగితం పుల్లలు, వెదురు పుల్లలు వస్తున్నాయి. పర్యావరణానికి అది మంచిదే. చెవికి మాత్రం ఏ పుల్లయినా ఒకటే, కాకపోతే వెదురుది ఇంకాస్త గట్టిది.

పసిపిల్లల విషయం అడిగితే ఆయన గొంతు కొంచెం కటువుగా మారింది. మన ఇళ్ళలో నలుగు పెట్టి నీళ్ళు పోసేటప్పుడు శిశువు చెవులలో నూనె చుక్కలు వేయడం, నోటితో ఊదడం, ఆపైన దూది పుల్ల తిప్పడం ఇంకా ఉన్నాయి. శిశువు నాళం చిన్నది, కర్ణభేరి వాకిలికి దగ్గరగా ఉంటుంది, పైగా ఎప్పుడు తల విదిలిస్తాడో తెలియదు. బయటి చెవిని మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలునని, చీము గాని దుర్వాసన గాని ఉంటే నూనె మాట తలపెట్టకుండా తీసుకురమ్మని చెప్పారు. మా అమ్మకు ఈ మాట నేను చెబితే నమ్మేది కాదు, మనవరాలికి నీళ్ళు పోసే రోజులలో ఆమెనే క్లినిక్కుకు తీసుకువెళ్ళి ఆయన చేత చెప్పించాను.

ఖర్చుకు వెనకాడేవారు ప్రభుత్వ ఆస్పత్రులను మరచిపోకూడదు. జిల్లా ఆస్పత్రులలో, వైద్య కళాశాలల ఆస్పత్రులలో ఈఎన్‌టీ విభాగాలు ఉన్నాయి, హైదరాబాదు కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. ఓపీ చీటీ తీసుకుని కొంతసేపు వేచి ఉండే ఓపిక ఉంటే చాలు.

నా చెవి బాగయ్యాక నాన్నగారిని తీసుకువెళ్ళాను. ఆయనకు షుగరు ఉన్నది, ఎడమచెవికి వినికిడి మిషను వాడతారు, అది ఈల వేస్తున్నదని, మాట సరిగా అందడం లేదని కొంతకాలంగా విసుక్కుంటూ, కొత్తది కొనిపెట్టమంటున్నారు. చూస్తే నాళంలో గులిమి పేరుకుని ఉన్నది. మిషను శబ్దం గులిమికి తగిలి వెనక్కి వచ్చి మళ్ళీ మైకులోకి చేరడం వల్లే ఆ ఈల. షుగరు కారణంగా నీళ్ళ జోలికి పోకుండా మైక్రోస్కోపు కింద మెల్లగా తీసి, నాళంలో గీత పడలేదని రెండుసార్లు సరిచూసుకుని పంపారు. మిషను అమ్మిన చోటికి వెళితే, దాని కొనలో గులిమి చేరకుండా అడ్డుపడే చిన్న జల్లెడ పూర్తిగా పూడుకుపోయి ఉన్నదని చూపించి, దాన్ని మార్చి ఇచ్చారు. కొత్త మిషను కొనవలసిన అవసరం రాలేదు. ఆరు నెలలకొకసారి చెవి చూపించుకోవాలని నాన్నగారి చీటీ మీద రాశారు, నాకు ఏడాదికొకసారి చాలునన్నారు.